చింతయు కర్తవ్యమును

మానవుని మనస్సున పుట్టు భావములలో కొన్ని ఎదుట నున్న వస్తువును బట్టి పుట్టును. కొన్ని గడచిపోయిన దానిని బట్టి పుట్టును. మరికొన్ని ఇంకను రాని దానిని బట్టి పుట్టును. త్రోవలో పాము కనబడినప్పుడు కలుగునది భయము. ఆప్తుడు మరణించిన పిదప కలుగునది శోకము. పాము వచ్చునేమో, ఆప్తుడు మరణించునేమో అని కూర్చున్న చోటనే కలుగునది చింత. భయమునకు ఎదుట ఒక వస్తువు కలదు. శోకమునకు వెనుక ఒక సంఘటన కలదు. చింతకు ఆధారముగా నున్నది ‘ఏమో’ అను చిన్న మాట మాత్రమే. అయినను ఆ చిన్న మాట పట్టుకొని రాత్రులకు రాత్రులు నిద్ర లేక గడపువారు ప్రతి వీథిలోను కలరు.

భరతముని నాట్యశాస్త్రమున భయమును, శోకమును స్థాయిభావములలో చేర్చి, చింతను 33 వ్యభిచారిభావములలో నొకదానిగా లెక్కించినాడు. ఐశ్వర్యము కోల్పోవుట, ఇష్టమైన వస్తువును ఇతరులు అపహరించుట, దారిద్ర్యము అనువానిని దానికి కారణములుగా చెప్పినాడు. నిట్టూర్పు, తల వంచుకొని ఆలోచించుట, శరీరము కృశించుట అనునవి దాని చిహ్నములు. ఈ విభజనలో లోకానుభవము కలదు. స్థాయిభావము ఇంటి యజమాని వంటిదైనచో, వ్యభిచారిభావము వచ్చి పోవు అతిథి వంటిది. చింత మనస్సునకు వచ్చుటలో దోషము లేదు; రాని మనుష్యుడు లేడు. అతిథిగా వచ్చినది పోక, ఇంటిలో స్థిరపడి, యజమానినే ఆజ్ఞాపింప మొదలిడినప్పుడు కష్టము ప్రారంభమగును. కావున విచారింపవలసిన ప్రశ్న ‘చింత కలుగకుండుట యెట్లు’ అనునది కాదు. కలిగిన చింతను అతిథిగానే పంపివేయుట యెట్లు అనునది.

ఇచట భాష యొక్క సాక్ష్యము కూడ గమనింపదగినది. హిందీభాషలో ‘విచార్’ అనగా ఆలోచన. అదే సంస్కృత శబ్దము తెలుగున ‘విచారము’ అయి, జనుల నోట దుఃఖమను అర్థమునే ప్రధానముగా పొందినది. విచారముగా నున్నాడనగా ఆలోచించుచున్నాడని తెలుగువారెవ్వరును అనుకొనరు. అట్లే ‘చింతన’ యన్నప్పుడు రెండు భాషలయందును గంభీరమైన మననము స్ఫురించును. ‘చింత’ యన్నంతనే రెండు భాషలయందును ముఖము వాడిపోవును. ధాతువు ఒక్కటియే. ఆలోచనకును దుఃఖమునకును నడుమ గోడ ఎంత పలుచనిదో ఈ పదములు తెలుపుచున్నవి. ఒక నిర్ణయము వైపు నడచు ఆలోచన చింతన. నిర్ణయము లేక తిరిగిన చోటనే తిరుగు ఆలోచన చింత. గానుగెద్దు దినమంతయు నడచియు ఉన్నచోటనే యుండును గాని, దాని నడక వలన నూనె యైనను వచ్చును. చింతకు ఆ ఫలము కూడ లేదు.

ఒక గృహస్థుని ఉదాహరణముగా గ్రహింపవచ్చును. కుమారుడు పరీక్షకై పొరుగూరికి వెళ్లి, రాత్రి తొమ్మిది గంటల బస్సులో తిరిగి రావలసి యున్నది. తొమ్మిదిన్నర యైనది. బస్సు ఆలస్యమై యుండును అనునది మొదటి తలంపు. పది యైనది. త్రోవలో బస్సు చెడిపోయినదేమో అనునది రెండవది. ఆ తరువాత తలంపులకు మెట్లు అక్కరలేదు. బస్సు బోల్తాపడినదేమో, పిల్లవానిని ఏ ఆసుపత్రిలో చేర్చిరో, చేతిలో పైకము చాలునో చాలదో, ఈ వార్త వాని తల్లికి ఎట్లు చెప్పవలెనో అని అతడు వసారాలో పచారులు చేయుచుండును. పదింబావునకు కుమారుడు వచ్చి, చెప్పులు విడిచి, అన్నము పెట్టుమని అడుగును. తండ్రి ముఖమున సంతోషమునకు మారుగా కోపము కనబడును. ముప్పాతిక గంటలో అతడు అనుభవించినదంతయు నిజమైన బాధయే. దానికి కారణమైన ప్రమాదము మాత్రము జరుగలేదు. ఆ బాధకు బాధ్యుడెవడో తెలియక అతడు పిల్లవానిని కసరుకొనును. పూర్వము దూరమున నున్న బిడ్డ యుత్తరమునకై వారము దినములు ఎదురుచూచెడివారు. నేడు సెల్‌ఫోను రెండు మారులు మ్రోగి, ఎత్తకపోయినచో చాలును, గుండె దడదడలాడును. సాధనము మారినది, ‘ఏమో’ మారలేదు.

ఈ మనఃస్థితిని వాల్మీకి సుందరకాండమున చిత్రించినంత సూక్ష్మముగా చిత్రించినవారు అరుదు. హనుమంతుడు లంక యంతయు వెదకెను. రావణుని అంతఃపురము చూచెను, పానశాల చూచెను, సీత కనబడలేదు. అప్పుడు ఆ మహావీరుని మనస్సు ఒక్కొక్క మెట్టే దిగజారినది. సీత లేకుండ తిరిగి వెళ్లినచో రాముడు బ్రతుకడు. రాముడు లేనిచో లక్ష్మణుడుండడు. ఆ వార్త విని భరతుడు, అతనిని చూచి శత్రుఘ్నుడు, కుమారులను కోల్పోయి తల్లులు ప్రాణములు విడుతురు. పిదప సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు. చివరకు వానరజాతి యంతయు కొండశిఖరముల నుండి దూకి నశించును. ఒక స్త్రీ కనబడలేదను ఒక్క వాస్తవము నుండి రెండు రాజ్యముల వినాశము వరకు ఆ తలంపు ప్రయాణము చేసినది. తిరిగి పోకుండ వానప్రస్థుడనగుదునా, అగ్నిలో ప్రవేశింతునా, నీటిలో పడుదునా అని కూడ అతడు ఆలోచించెను. సముద్రమును లంఘించిన బలము ఈ శృంఖలమును త్రెంచుటకు చాలలేదు.

అతనిని ఆ స్థితి నుండి ఉద్ధరించిన దేమి? ఎవ్వరును వచ్చి ధైర్యము చెప్పలేదు. ఆకాశవాణి పలుకలేదు. జీవించి యున్నవానికి శుభము కలుగవచ్చునను వివేకము మొదట పొడసూపెను. అంతట అతని దృష్టి ఒక తోటపై పడెను. అది అశోకవనము, అతడు అంతవరకు వెదకని స్థలము. వానరజాతి వినాశమును గూర్చిన ప్రశ్న అచటనే నిలిచిపోయినది. ‘ఆ తోటలో చూచితినా?’ అను ప్రశ్న దాని స్థానమున వచ్చినది. మొదటి ప్రశ్నకు సమాధానము ఎవ్వరి చేతిలోను లేదు. రెండవ దానికి సమాధానము అతని కాళ్లలో కలదు. సీత అచటనే యున్నది. ఒకవేళ లేకపోయినను, ఆ తోటను వెదకుట అతని కర్తవ్యమే యగును. చింతకును కర్తవ్యమునకును గల భేదమంతయు ఈ సన్నివేశమున ఇమిడి యున్నది.

అయినను మనుష్యుడు చింతను సులభముగా విడువడు. ఏలయనగా చింత తన సొంత రూపముతో రాదు. అది మూడు గౌరవనీయమైన వేషములు ధరించి వచ్చును. మొదటిది ముందుచూపు వేషము. ‘చింతింపనిచో మోసపోదును’ అని మనుష్యుడు అనుకొనును. పంచతంత్రములోని మూడు చేపల కథ ఇందుకు సమాధానము. జాలరులు వత్తురని వినిన అనాగతవిధాత ఆ చెరువు విడిచి మరియొక జలాశయమునకు వెళ్లిపోయినది. ప్రత్యుత్పన్నమతి వలలో పడిన క్షణమున ఉపాయము పన్ని బయటపడినది. యద్భవిష్యము ఏది కానున్నదో అదియే కాగలదని కూర్చుండి చచ్చినది. ఈ మూటిలో చింతించిన చేప ఒక్కటియు లేదు. దానిని నాలుగవ చేపగా ఊహింపవచ్చును. అది రాత్రియంతయు వలలను గూర్చి తలంచి, తెల్లవారునప్పటికి అలసిపోయి, అదే చెరువులో యద్భవిష్యము ప్రక్కననే యుండును. ముందుచూపు చెరువును మార్చును; చింత చెరువులోని నిద్రను మాత్రము మార్చును.

రెండవది శ్రమ వేషము. చింతించువాడు తానేదో చేయుచున్నాననుకొనును. కుమార్తె వివాహమునకు ధనము లేని తండ్రి రాత్రి మూడు గంటల వరకు మేలుకొని, అవే అంకెలను పదిమారులు కూడును. ఉదయమున అతని శరీరము పొలము దున్నినంతగా అలసి యుండును. ఆ అలసటయే తన ప్రయత్నమునకు సాక్ష్యమని అతడు నమ్మును. పంచతంత్రముననే సోమశర్మ తండ్రి పిండికుండ క్రింద పరుండి సంపదను, ఆవులను, భార్యను, కుమారుని ఊహించి, కాలు విసరి కుండ పగులగొట్టుకొనెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత తెలుగువారందరు ఎరిగినదే. ఆ బ్రాహ్మణుని చూచి నవ్వువారు తమ రాత్రులను చూచుకొని నవ్వరు. అతడు లేని సుఖమును కట్టుకొనెను. వీరు లేని దుఃఖమును కట్టుకొందురు. కట్టడము ఒకటియే, రంగు మాత్రము వేరు. చేతిలో నున్న కుండ రెండు చోట్లను పగులుచున్నది.

మూడవది ప్రేమ వేషము. ఇది అన్నిటికంటెను బలమైనది. నైతికమైన ప్రశ్న ఇచటనే పుట్టుచున్నది. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు తల్లి నిశ్చింతగా నిద్రించినచో ఆమెను లోకము ఏమనును? ఆమె తన్ను తాను ఏమనుకొనును? ప్రేమించువాడు చింతింపవలెనని, చింతింపనివాడు ప్రేమింపనివాడని ఒక అలిఖిత శాసనము కుటుంబములలో నడచుచున్నది. ఇంతటితో ఆగక, చింత ఒక రక్షాబంధమను నమ్మకము కూడ మనస్సు లోతున దాగి యుండును. తాను మేలుకొని యుండుట చేతనే ప్రమాదము తప్పినదని తల్లి తలంచును. భయపడిన ఆపదలలో పెక్కు ఎట్లును రావు. రాని ప్రతి ఆపదను చింత తన లెక్కలో జమ వేసికొనును. ఇట్లు అది ఒక్కనాడును ఓడిపోదు.

జ్వరపడిన బిడ్డకు కావలసినది మందు, నీరు, తడిగుడ్డ, చేరువలో ఒక చేయి. అవి ఇచ్చుట ప్రేమ. అవి ఇచ్చిన పిదప గోడవైపు చూచుచు మరణమును ఊహించుట ప్రేమకు చేరిన వస్తువు కాదు. అది ప్రేమించువాని బాధ. బాధ అగుట చేత అది సానుభూతికి అర్హమైనదే. కాని దానిని ధర్మమని పూజింపవలసిన పనిలేదు. చింత పెరిగిన యింట పిల్లలు ఒక విద్య నేర్తురు: నిజము దాచుట. మార్కులు తగ్గినవని చెప్పినచో అమ్మ అన్నము తినదు. ఒంట్లో బాగులేదని వ్రాసినచో నాన్న నిద్రపోడు. కావున వారు అంతయు కుశలమని చెప్పుదురు. ఎవని క్షేమము తెలిసికొనుటకై చింత మేలుకొన్నదో, వాని నిజస్థితియే చింతించువానికి తెలియకుండ పోవును. వృద్ధుడైన తండ్రికి తన వ్యాధిని చెప్పని కుమారుడు, కుమారునికి తన అప్పును చెప్పని తండ్రి ఒకే కప్పు క్రింద ఉందురు. ఇద్దరును ఒకరిని గూర్చి యొకరు చింతించుచు, ఒకరి నొకరు ఎరుగకుండ కాలము గడుపుదురు. చింతకు ధర్మస్థానము నిచ్చుట వలన కలుగు నష్టములలో ఇది మిక్కిలి పెద్దది.

అయితే ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పక ముందునకు పోరాదు. నిశ్చింతను ఉపదేశించుట కడుపు నిండినవానికి సులభము. జూన్ నెల ప్రారంభమున కేరళ తీరమును తాకవలసిన ఋతుపవనములు వెనుకబడినచో, అప్పు చేసి విత్తనములు కొన్న మెట్టరైతు ఆకాశము వైపు చూడక ఏమి చేయును? అతని చింత ఊహ నుండి పుట్టినది కాదు. భరతుడు చెప్పిన దారిద్ర్యము నుండి పుట్టినది. అట్టివానితో మనస్సును అదుపున నుంచుకొనుమని చెప్పి ఊరకుండుట క్రౌర్యమగును. అతని చింతకు ఔషధము చెరువు, కాలువ, న్యాయమైన వడ్డీ, పంటకు ధర, కష్టకాలమున ఆదుకొను వ్యవస్థ. వ్యక్తుల చింతలలో కొంత భాగము సమాజము చేయని పనుల ఋణము. ఆ ఋణమును తీర్చవలసినది సమాజమే. దానిని చింతించువాని మనోదౌర్బల్యముగా వ్రాసికొనరాదు. కాని ఇదే మాటను మరియొక వైపు నుండి కూడ చూడవలెను. ఆ రైతునకు సైతము వర్షమును గూర్చిన రాత్రి జాగరణము వర్షమును తేలేదు. అతనికి మిగిలిన బలము కొంచెమే. ఆ కొంచెమును చింత తినివేయకుండ కాపాడుట అతని పక్షమున నిలుచుటయే యగును.

శరీరము కూడ ఈ విషయమున సాక్ష్యము చెప్పుచున్నది. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున, భయము కలిగినప్పుడు దేహము పోరాటమునకో పలాయనమునకో సిద్ధమగు విధమును వివరించినాడు. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును, జీర్ణక్రియ మందగించును. పులి ఎదుట నున్నప్పుడు ఈ ఏర్పాటు ప్రాణమును నిలుపును. కాని దేహమునకు ఎదుటి పులికిని తలంపులోని పులికిని భేదము బాగుగ తెలియదు. పరుగెత్తుటకు సిద్ధమైన శరీరమును మంచముపై పరుండబెట్టుటయే చింత. అందుచేతనే చింతించువాని మెడ పట్టివేయును, ఆకలి మందగించును, నిద్ర చెదరును.

మరి చేయవలసినది ఏమి? చింతింపకుము అను ఉపదేశము వ్యర్థము. తలంపును బలవంతముగా త్రోసివేసినచో అది రెట్టింపు బలముతో తిరిగి వచ్చును. పూర్వులును నవీనులును చూపిన మార్గములలో ఆచరణయోగ్యములైనవి కొన్ని కలవు. మొదటిది విభజన. రోమక సామ్రాజ్యమున బానిసగా జీవించి తత్త్వవేత్తయైన ఎపిక్టీటస్ బోధలను శిష్యుడు సంగ్రహించిన చిన్న గ్రంథము, మన అధీనమున నున్నవి యేవి, లేనివి యేవి అను విభజనతోనే ప్రారంభమగును. కర్మమునందే అధికారము గలదు, ఫలమునందు లేదను గీతాబోధయు ఈ విభజనకు సన్నిహితమైనదే. చింత కలిగినప్పుడు దానిని కాగితముపై ఒక వాక్యముగా వ్రాసి, ‘ఇందులో నేడు చేయదగినది ఏమైన కలదా?’ అని ప్రశ్నింపవలెను. కలదేని దానిని చేయవలెను, లేదా చేయు దినమును నిర్ణయింపవలెను. లేదేని ఆ కాగితమును మడచి పెట్టవలెను. వ్రాసిన చింత ఒక పంక్తి. వ్రాయని చింతకు అంతము లేదు.

రెండవది కాలనియమము. 1983లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు బోర్కొవెక్, ఆయన సహచరులు ఒక సరళమైన పద్ధతిని పరీక్షించి ప్రకటించిరి. దినమునకు ఒక అరగంట, ఒకే వేళ, ఒకే చోట చింతకు కేటాయించుట. తక్కిన సమయమున అది వచ్చినచో ‘నీ వేళ ఇది కాదు’ అని వాయిదా వేయుట. అతిథిని ఇంటి నుండి గెంటివేయక, ఇల్లంతయు తిరుగనీయక, వసారాలో ఒక పీట వేయుట వంటిది ఈ పద్ధతి. ఉదయమున కొండయై కనబడినది సాయంకాలపు అరగంట వచ్చునప్పటికి తరచుగా గుట్టయై యుండును.

మూడవది రెండవ బాణమును మానుట. సంయుత్తనికాయమున బుద్ధుడు చెప్పిన ఒక ఉపమానము కలదు. అవివేకి ఒక బాణము తగిలిన పిదప రెండవ బాణము కూడ తగిలినవాని వలె బాధపడును; వివేకి మొదటి బాణపు బాధనే అనుభవించును. రోగము, నష్టము, వియోగము మొదటి బాణములు. వానిని గూర్చిన విలాపము రెండవది. చింతించువానికి మూడవ బాణము కూడ కలదు: ఇంతగా చింతించుచున్నానే అను చింత. తన్ను తాను నిందించుకొనుట మానుట ఆ మూడవ దానిని ఆపును. నాలుగవది, మరల మరల అభయమును కోరకుండుట. తలుపు గడియ వేసితినా అని పదిమారులు చూచినవానికి పదునొకండవ మారు సందేహము తగ్గదు, పెరుగును. కొంత అనిశ్చయమును భరించుట నేర్వవలెను. పూర్తి నిశ్చయము మనుష్యునకు ఏనాడును లభింపలేదు.

ఈ ఉపాయములు చాలని సందర్భములును కలవు. నెలల తరబడి, అధికభాగము దినములలో, పలు విషయములను గూర్చి అదుపు లేని చింత కలిగి, నిద్రయు, పనియు, ఏకాగ్రతయు చెడినచో అది స్వభావదోషము కాదు, వ్యాధి. అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో దీనిని ప్రత్యేక వ్యాధిగా పేర్కొన్నది. తరువాతి కాలమున ఆరు నెలల వ్యవధిని దానికి గుర్తుగా నిర్ణయించిరి. దీనికి సంభాషణచికిత్సయు, ఔషధములును కలవు. జ్వరమునకు వైద్యుని యొద్దకు పోవుటలో లేని సిగ్గు దీనికి ఉండవలసిన పనిలేదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై ఫోనులోనే సలహా నిచ్చుచున్నది. ధైర్యము తెచ్చుకొమ్మని రోగికి బోధించు బంధువు, విరిగిన కాలితో నడువుమని చెప్పువాని వంటివాడు.

జయశంకర ప్రసాదుని హిందీ కావ్యము ‘కామాయని’ (1936) ప్రళయానంతరము హిమగిరి శిఖరమున ఒంటరిగా కూర్చున్న మనువుతో ప్రారంభమగును. ఆ మొదటి సర్గకు పేరు ‘చింత’. రెండవ సర్గ ‘ఆశ’. చివరి సర్గ ‘ఆనందము’. మానవజాతి కథను చింతతో ప్రారంభించుటలో కవి దానిని అవమానింపలేదు. దానికి మొదటి స్థానమిచ్చి, అచటనే నిలిచిపోవుటకు మాత్రము అనుమతింపలేదు. చింత కలుగుట మనుష్యుడు ఇతరులకై జీవించుచున్నాడనుటకు గుర్తు. ఎవ్వరును లేనివానికి, ఏదియు కోరనివానికి చింత లేదు. ఆ మమకారమును నిలుపుకొనుచు, దానిని రాత్రి జాగరణమున ఖర్చు చేయక పగటి పనిలో ఖర్చు చేయుటయే నేర్వవలసినది.

వసారాలో పచారులు చేసిన ఆ తండ్రి విషయమునకే తిరిగి వచ్చినచో, అతడు చేయదగినవి రెండో మూడో కలవు: బస్సు స్టాండునకు ఫోను చేయుట, పొరుగువానిని తోడు తీసికొని సందు చివరి వరకు వెళ్లి చూచుట, అన్నము చల్లారకుండ మూత పెట్టించుట. అవి చేసిన పిదప మిగిలిన నిరీక్షణము కష్టమైనదే. దానిని ఎవ్వరును తొలగింపలేరు. కాని కుమారుడు గుమ్మమెక్కినప్పుడు కోపమునకు మారుగా ఒక చెంబు నీళ్లు చేతికిచ్చు స్థితిలో అతడు ఉండును.